గ్రంథస్వామ్యమూ వంటింటి శ్రమా

మన లాక్షణికులు కవిత్వపు రుచి చెప్పవలసి వచ్చినప్పుడల్లా వంటింటి మాటలనే అరువు తెచ్చుకున్నారు. ద్రాక్షాపాకమన్నారు, కదళీపాకమన్నారు, నారికేళపాకమన్నారు. కావ్యానికి పాకం కుదిరిందన్నారు, రసం చెడిందన్నారు. ఈ అప్పు శతాబ్దాల తరబడి తీరలేదు. తీర్చవలసి వున్నదని గుర్తుచేసినవారూ లేరు. కవికి అగ్రహారాలు దక్కాయి, గండపెండేరాలు దక్కాయి, అచ్చుయంత్రం వచ్చిన తరువాత గ్రంథస్వామ్యం కూడా దక్కింది. పొయ్యి దగ్గర నిలబడి పాకం తీగసాగే అదను కనిపెట్టిన మనిషికి ఏమీ దక్కలేదు. చివరికి వంట పేరు మీద వచ్చిన ప్రసిద్ధి కూడా నలపాకమనీ భీమపాకమనీ ఇద్దరు క్షత్రియులకే పోయింది. రోజూ రెండు పూటలా వండిన స్త్రీల పేర ఒక్క పాకమైనా లేదు.

ఇది కేవలం పాత కథ అయితే ఇక్కడ ఎత్తవలసిన పని లేదు. కాని గ్రంథస్వామ్యాన్ని గురించి ఇప్పుడు మన కళాశాలల్లోనూ రచయితల సభల్లోనూ జరుగుతున్న చర్చకు ఈ పాత బాకీతో సంబంధం వుంది. ఆ చర్చలో రెండు వాదాలు వినబడుతున్నాయి. ఒకటి: జ్ఞానం ప్రజలందరిదీ, పుస్తకాన్ని జిరాక్సు తీసుకున్నా ఫోనులో పంచుకున్నా తప్పు లేదు, గ్రంథస్వామ్యమనేది పెట్టుబడిదారీ ప్రచురణకర్తలు వేసుకున్న కంచె. రెండోది: నా కథలోని ఇతివృత్తాన్ని సినిమావాళ్ళు కొట్టేశారు, మా అమ్మ కాచే ఉలవచారును ఎవరో వీడియోలో పెట్టి డబ్బు చేసుకుంటున్నారు, చట్టం ఏం చేస్తున్నది? విచిత్రమేమంటే ఈ రెండు వాదాలూ చాలాసార్లు ఒకే నోట వస్తున్నాయి. ఇతరుల పుస్తకం దగ్గర సమష్టివాది, తన కథ దగ్గర భూకామందు.

దీన్ని కపటమని తోసివేయడం తేలిక. నేను అలా అనుకోవడం లేదు. రెండింటి వెనుకా న్యాయమైన ఆవేదనే వున్నది. అయితే రెండూ మూడు వేరువేరు విషయాలను ఒకే ముద్ద చేస్తున్నాయి: భావం, మాటల కూర్పు, పేరు. ఒకరి భావాన్ని తీసుకోవడం వేరు; ఒకరి వాక్యాలను తీసుకోవడం వేరు; ఒకరి శ్రమకు పేరు లేకుండా చేయడం వేరు. మొదటిదాన్ని చట్టం పట్టించుకోదు. రెండోదాన్ని గట్టిగా పట్టించుకుంటుంది. మూడోదాన్ని అరకొరగా పట్టించుకుంటుంది. అభ్యుదయ రచయితలు పోరాడవలసింది మూడోదాని కోసమనీ, మొదటిదానికి కంచె వేయమని అడగడం మన గోతిని మనమే తవ్వుకోవడమనీ నా అభిప్రాయం.

ముందు చట్టం సంగతి చూద్దాం. మన కాపీరైటు చట్టం 1957లో వచ్చి 1958 జనవరిలో అమలైంది. తరువాత చాలా సవరణలు జరిగాయి. వాటిలో రచయితలకు ముఖ్యమైనది 2012 నాటిది. సాహిత్య, నాటక, సంగీత, చిత్రకళా రచనలు, సినిమాలు, ధ్వనిముద్రణలు దీని రక్షణలో వున్నాయి. రచన కాగితం మీద పడినప్పుడే రచయితకు హక్కు పుడుతుంది. రిజిస్టరు చేయించి తీరాలన్న నిబంధన లేదు. 500 రూపాయల రుసుముతో చేయిస్తే కోర్టులో ప్రాథమిక సాక్ష్యంగా పనికివస్తుంది, అంతే. పూర్వం మన పుస్తకాల లోపలి పుటలో ‘సర్వస్వామ్య సంకలితము’ అని గంభీరంగా అచ్చువేసేవారు. ఆ మాట వున్నా లేకపోయినా ఈనాడు హక్కులో తేడా ఏమీ రాదు. అయినా ఆ మాట లేని పుస్తకం దిక్కులేనిదనుకునే రచయితలు ఇంకా వున్నారు.

భావానికి స్వామ్యం లేదన్న సూత్రాన్ని మన సుప్రీంకోర్టు 1978లో ఖరారు చేసింది. ఆర్.జి. ఆనంద్ అనే నాటక రచయిత ‘హమ్ హిందుస్తానీ’ అనే నాటకం వ్రాశాడు. ప్రాంతీయ దురభిమానం అందులోని విషయం. 1956లో వచ్చిన ‘న్యూఢిల్లీ’ అనే హిందీ సినిమా దానికి నకలేనని ఆయన దావా వేశాడు. భావానికీ, ఇతివృత్తానికీ, చారిత్రక సత్యానికీ ఎవరూ సొంతదారులు కారనీ, ఆ భావాన్ని వ్యక్తంచేసిన తీరు మాత్రమే రచయితదనీ చెప్పి కోర్టు ఆయన దావాను కొట్టివేసింది. ఆనంద్ మీద మనకు సానుభూతి కలగవచ్చు. కాని సూత్రం సరైనదే. వృద్ధుల పెళ్ళిళ్ళ మీద గురజాడకు ముందే వీరేశలింగం ప్రహసనం వ్రాశారు. ఇతివృత్తానికి స్వామ్యమే వుంటే ‘కన్యాశుల్కం’ వ్రాయడానికి గురజాడ రాజమండ్రి వెళ్ళి అనుమతి పుచ్చుకోవలసి వచ్చేది!

ఇదే సూత్రం వంటకు మరింత స్పష్టంగా వర్తిస్తుంది. ఆవకాయనే తీసుకుందాం. మామిడికాయ ముక్కలు, ఆవపిండి, కారం, ఉప్పు, నూనె. ఏది ఎంత, ఏది ముందు, మూడోరోజున తిరగకలపడం. ఇది ఒక పని చేసే పద్ధతి. మరొకరి పుస్తకం చూసి ఆవకాయ పెట్టడం నేరం కాదు, పెట్టి అమ్మడమూ కాదు, ఆ పాళ్ళనే తీసుకుని తన మాటల్లో వ్రాసి ప్రచురించడం కూడా కాదు. కాని ఒక రచయిత్రి ఆ ఏడు కాయకు పులుపు తగ్గిన సంగతీ, అందుకు అత్తగారూ తోడికోడలూ పడిన వాదులాటా, జాడీ మూతకు గుడ్డ కడుతూ ఆమె తలచుకున్న సంగతులూ వ్రాసిందనుకోండి. ఆ వాక్యాలు ఆమెవి. వాటిని ఎత్తి తన పుస్తకంలో పెట్టుకున్నవాడు దొంగే. పాళ్ళు అందరివి, వాక్యం ఒకరిది.

ఇతర దేశాల న్యాయస్థానాలు కూడా ఇంచుమించు ఈ దారినే నడిచాయి. జమాఖర్చులు వ్రాసే ఒక పద్ధతిని గురించిన వివాదంలో, పుస్తకానికి స్వామ్యం వుంటుంది గాని పద్ధతికి వుండదని అమెరికా సుప్రీంకోర్టు 1879లోనే చెప్పింది. పెరుగుతో చేసే వంటల పుస్తకం మీద నడిచిన దావాలో అక్కడి అప్పీలు కోర్టు ఒకటి 1996లో దీన్నే వంటపాళ్ళకు అన్వయించింది. యూరపులో ఒక జున్ను కంపెనీ ఇంకొంచెం ముందుకుపోయి, తన జున్ను రుచికే గ్రంథస్వామ్యం కావాలన్నది. రుచిని నిర్దుష్టంగా, వస్తుగతంగా గుర్తించడం సాధ్యం కాదు గనుక అది ‘రచన’ కాజాలదని 2018లో యూరోపియన్ న్యాయస్థానం ఆ కోరికను తిరస్కరించింది. మన అలంకారికులు వింటే నవ్వుకునేవారేమో. రసం అనిర్వచనీయమని వాళ్ళు ఎన్నడో చెప్పారు.

‘అయితే మా అమ్మ ఉలవచారుకు రక్షణే లేదా?’ అని విద్యార్థులు అడుగుతారు. లేదు. లేకపోవడమే మంచిది. వంటపద్ధతికి సొంతదారును నిలబెట్టే చట్టమే వస్తే ఆ సొంతదారు ఎవరవుతారో ఆలోచించండి. మీ అమ్మగారా? పది మంది వకీళ్ళను పెట్టుకోగల పచ్చళ్ళ కంపెనీ అవుతుంది. అప్పుడు మీ అమ్మగారే తన ఇంట్లో తన చారు కాచి నాలుగు ఇళ్ళకు అమ్ముకోవడానికి కంపెనీకి సంజాయిషీ చెప్పుకోవాలి. 1842లో యువకుడైన మార్క్స్ రైన్ ప్రాంతపు పత్రికలో వ్రాసిన వ్యాసాలు మన పాఠకులకు తెలిసే వుంటాయి. అడవిలో రాలిన పుల్లలు ఏరుకోవడం పేదల ఆచారహక్కు. దాన్ని దొంగతనంగా మార్చే చట్టాన్ని ఆయన ఆ వ్యాసాల్లో దుయ్యబట్టాడు. వంటపద్ధతులు మన స్త్రీలు తరతరాలుగా ఏరుకుంటున్న పుల్లలు. వాటికి కంచె వేయించమని మనమే అర్జీ పెట్టడమేమిటి?

ఊహించి చెబుతున్న ప్రమాదం కాదిది. గాయాలు మానడానికి పసుపు వాడే పద్ధతి మీద 1995లో అమెరికాలో పేటెంటు ఇచ్చారు. మన శాస్త్ర పారిశ్రామిక పరిశోధనా మండలి దాన్ని సవాలు చేసి 1997లో రద్దు చేయించింది. ఎలా రద్దయింది? ‘మా ఇళ్ళల్లో అందరికీ తెలుసు’ అన్నందువల్ల కాదు. ఆ సంగతి పాత గ్రంథాలలోనూ, 1953 నాటి ఒక వైద్య పత్రికలోనూ వ్రాసి వున్నందువల్ల. ఇక్కడ ఒక ముఖ్యమైన విషయం తేలుతున్నది. వ్రాసిపెట్టడం సొంతం చేసుకోవడానికే కాదు, ఎవరికీ సొంతం కాకుండా కాపాడడానికి కూడా పనికివస్తుంది. తెలంగాణా పల్లెలో సర్వపిండి చేసే తీరునూ, రాయలసీమలో రాగిసంగటి కెలికే తీరునూ వివరంగా, తారీఖుతో, చెప్పినవారి పేరుతో అచ్చువేయడం ప్రజల ఉమ్మడి ఆస్తికి పహరా పెట్టడం.

మొదటి వాదం వారికి కూడా ఒక మాట చెప్పాలి. గ్రంథస్వామ్యమంతా కంచె మాత్రమేనన్న మాట సగమే నిజం. ఆ కంచెలో చట్టమే కొన్ని దిడ్లు పెట్టింది. వాటిని తెరిచి వుంచడానికి విద్యార్థులు పోరాడారు కూడా. విమర్శ కోసం, సమీక్ష కోసం, సొంత అధ్యయనం కోసం న్యాయమైన మేరకు వాడుకోవడాన్ని 52వ సెక్షన్ అనుమతిస్తున్నది. ఆ సెక్షనే లేకపోతే విమర్శకుడు కవిత్వాన్ని ఉదాహరించలేడు. ఢిల్లీ విశ్వవిద్యాలయం ఆవరణలోని జిరాక్సు దుకాణం మీద మూడు పెద్ద విదేశీ ప్రచురణ సంస్థలు 2012లో దావా వేశాయి. పాఠాల కోసం పుస్తక భాగాలను జిరాక్సు తీయడం తప్పు కాదని 2016లో హైకోర్టు తీర్పు చెప్పింది. 2017లో ఆ సంస్థలు దావా విరమించుకున్నాయి. విద్యార్థులు, అధ్యాపకులు సంఘాలుగా ఏర్పడి ఆ వ్యాజ్యంలో నిలబడ్డారు. ఇది ఘనమైన విజయమే. కాని ఇది పాఠానికి అవసరమైన మేరకు దొరికిన విజయం. మొన్న అచ్చయిన యువకవి పుస్తకాన్ని మొత్తంగా ఫోనులో వందమందికి పంపడానికి దీన్ని సాకుగా చూపే మిత్రులు, ఆ కవి అచ్చుకూలికి చేసిన అప్పు ఎవరు తీరుస్తారో కూడా చెప్పాలి.

కాలపరిమితి విషయంలో మాత్రం కంచె అని విమర్శించేవారి వైపే న్యాయం వున్నది. రచయిత జీవితకాలమూ, మరణించిన తరువాత 60 ఏళ్ళూ స్వామ్యం నిలుస్తుంది. పూర్వం ఇది 50 ఏళ్ళే. 1941లో మరణించిన రవీంద్రుని రచనలు 1991 చివర ప్రజాపరం కావలసి వుండగా మరో పదేళ్ళు పొడిగించారు. ఆయన పేరున జరిగిన పొడిగింపు అందరికీ వర్తించింది. గురజాడ 1915లో పోయారు గనుక పాత లెక్కలోనే 1966 నుంచి ఆయన రచనలు ప్రజలవి. శ్రీశ్రీ 1983లో పోయారు. ఆయన కవిత్వం ప్రజాపరం కావడానికి 2044 దాకా ఆగాలి. జీవితమంతా సమష్టి కోసం పాడిన కవి పుస్తకం అరవై ఏళ్ళు వ్యక్తిగత ఆస్తిగా వుండడంలోని వ్యంగ్యం మన సభల్లో ఎందుకు చర్చకు రాదో నాకు తెలియదు. సుబ్రహ్మణ్య భారతి రచనల హక్కులను 1949లో మద్రాసు ప్రభుత్వం తీసుకొని ప్రజలపరం చేసిన ఉదాహరణ పక్కనే వున్నది.

ఇక మూడో విషయం, పేరు. అసలు బాధ ఇక్కడే వుంది.

ఇంగ్లండులో ఎలైజా ఆక్టన్ అనే స్త్రీ మొదట కవితా సంపుటి ప్రచురించింది. తరువాత 1845లో గృహస్థుల కోసం వంటల పుస్తకం వ్రాసింది. దినుసుల కొలతలనూ, పట్టే సమయాన్నీ వంటకం చివర విడిగా చూపడమనే పద్ధతి ఆమె పుస్తకంలోనే కనిపిస్తుంది. ఇవాళ ప్రపంచమంతా వంటల పుస్తకాలలో చూసే పట్టీకి అదే మూలరూపం. పదేళ్ళకు, 1855 ముద్రణ పీఠికలో, తన పుస్తకంలోని భాగాలను సమకాలికులు కృతజ్ఞతగా ఒక్క మాటైనా చెప్పకుండా తీసుకున్నారని ఆమె వాపోయింది. అందుకే కొన్ని వంటకాల పక్కన ‘ఇది గ్రంథకర్త్రిది’ అని గుర్తు వేసుకోవలసి వచ్చిందని చెప్పుకున్నది. ఆమె 1859లో మరణించింది. 1861లో ఇజబెల్లా బీటన్ పేర వచ్చిన గృహనిర్వహణ గ్రంథంలో ఆక్టన్ వంటకాలు కుప్పలుగా చేరాయి. బీటన్ పేరు ఇంటింటి మాట అయింది, ఆక్టన్ మరుగున పడింది. ఆక్టన్ ఆవేదనను గమనించండి. ఎవరో తన కూర వండుకుంటున్నారని ఆమె అనలేదు. వండుకోవడానికే వ్రాసింది. తన శ్రమ ఇతరుల పేరున చెల్లుబాటవుతున్నదని అన్నది.

నూటడెబ్బై ఏళ్ళ తరువాత కూడా కథ మారలేదు. సింగపూరు పెరనాకన్ ఇళ్ళ వంటలను గురించి షారన్ వీ 2012లో ఒక పుస్తకం ప్రచురించింది. 2021లో లండన్ ప్రచురణ సంస్థ ఒకటి తన కొత్త వంటల పుస్తకాన్ని అమ్మకం నుంచి ఉపసంహరించుకున్నది. తన వాక్యాలూ, తన తల్లిని గురించిన జ్ఞాపకాలూ అందులో చేరాయని వీ ఆ సంస్థకు చెప్పిన తరువాత జరిగిందిది. అల్లం ముక్కకు స్వామ్యం లేదు. అల్లం తరుగుతున్న తల్లిని గురించి వ్రాసిన వాక్యానికి వున్నది.

పేరు గురించి మన చట్టంలో 57వ సెక్షన్ ఒకటి వుంది. స్వామ్యాన్ని పూర్తిగా అమ్ముకున్న తరువాత కూడా ‘ఇది నా రచన’ అని చెప్పుకునే హక్కూ, తన గౌరవానికి భంగం కలిగేలా రచనను వికృతం చేస్తే అడ్డుకునే హక్కూ రచయితకు మిగులుతాయి. ‘ఆప్ కా బంటీ’ నవల సినిమా హక్కులు అమ్మిన మన్నూ భండారీ, సినిమా తన నవలను వక్రీకరించిందని కోర్టుకు వెళ్ళినప్పుడు 1986లో ఢిల్లీ హైకోర్టు ఈ సెక్షన్ బలాన్ని గట్టిగా చెప్పింది. సంతోషమే. కాని ఈ సెక్షన్ కాపాడేది ‘రచయిత’ను. వండిన మనిషి, చెప్పిన మనిషి ఆ మాటలోకి వస్తుందా?

1938లో ఇంగ్లండులో వచ్చిన తీర్పు ఒకటి ఇక్కడ చూడదగినది. స్టీవ్ డొనహ్యూ అనే పేరుమోసిన గుర్రపు పందాల స్వారీ తన అనుభవాలు ఒక పత్రికా రచయితకు చెప్పాడు, అతను వాటిని వ్యాసాలుగా వ్రాశాడు. ఆ వ్యాసాలను మరోచోట వాడబోయినప్పుడు డొనహ్యూ అభ్యంతరం చెప్పాడు. అనుభవం డొనహ్యూదే అయినా మాటల కూర్పు వ్రాసినవానిది గనుక డొనహ్యూ రచయిత కాడని కోర్టు అన్నది. గుర్రం మీద కూర్చుని ఎముకలు విరగగొట్టుకున్నది ఒకడు, స్వామ్యం బల్ల ముందు కూర్చున్న మరొకడిది! చట్టం దృష్టిలో ఇది తార్కికమే. ఈ తర్కం వర్గతటస్థమని మాత్రం నన్ను నమ్మమనకండి. అక్షరం ఎవరి చేతిలో వుంటే స్వామ్యం వారిదవుతుంది. అక్షరం ఎవరి చేతిలో వుంటూ వచ్చిందో మన సాహిత్య చరిత్ర చెబుతూనే వున్నది.

అయితే దీనికి పక్కన మన దేశపు తీర్పు ఒకటి వున్నది. మౌలానా ఆజాద్ ఆత్మకథ ‘ఇండియా విన్స్ ఫ్రీడమ్’ ఆయన ఉర్దూలో చెప్పగా హుమాయున్ కబీర్ ఇంగ్లీషులో వ్రాసినది. కబీర్ వ్రాసిన అధ్యాయాలను ఆజాద్ చదివి, చర్చించి, దిద్దారు. ముప్పయి ఏళ్ళు ముద్రవేసి దాచిన ముప్పయి పుటల విషయంలో వివాదం వచ్చినప్పుడు, ఇద్దరూ ఉమ్మడి రచయితలేనని ఢిల్లీ హైకోర్టు అభిప్రాయపడింది. తేడా ఎక్కడున్నది? చెప్పి వూరుకోవడంలో కాక, వ్రాసినదాన్ని విని దిద్దడంలో వున్నది. వంట చెప్పిన మనిషికి వ్రాతప్రతి చదివి వినిపించి, ‘ఇక్కడ ఇంగువ ముందు పడాలి’ అని ఆమె అంటే మార్చి, ఆమె మాటనే వీలైనంత మేరకు నిలిపితే, ఆ పుస్తకంలో ఆమె సమాచారదాతగా మిగలదు, సహరచయిత్రి అవుతుంది. ఇది ఔదార్యం కాదు, ఆమెకు చెందినది.

పోయిన సంవత్సరం నా పూర్వ విద్యార్థి ఒకడు తన తల్లికి వచ్చిన ఒప్పందపత్రం పట్టుకొచ్చాడు. ఆమె చిన్న మెస్సు నడుపుతుంది. పచ్చళ్ళు, పొడులు కలిపి ఎనభై దాకా ఒక ప్రచురణ సంస్థ మనిషికి చెప్పి వ్రాయించింది. సంస్థ పేరు ఇక్కడ అనవసరం. ఇంగ్లీషులో మూడు పుటల కాగితం. పదివేల రూపాయలు ఒకేసారి. సమస్త హక్కులూ శాశ్వతంగా, ప్రపంచమంతటా, ఇప్పుడున్నవీ ఇకముందు రాబోయేవీ అయిన అన్ని మాధ్యమాల్లోనూ. ఆమె పేరు కృతజ్ఞతల పుటలో. ఆమె ఇంగ్లీషు చదవలేదు. ‘ఎక్కడ సంతకం పెట్టాలో గుర్తుపెట్టి ఇచ్చారండీ’ అన్నాడు కుర్రవాడు.

ఇలాంటి కాగితం ముందు కూర్చున్న ప్రతివారికీ, కథకులకైనా వంటవారికైనా, చట్టం ఇచ్చిన ఆయుధాలు కొన్ని వున్నాయి. స్వామ్యం బదిలీ చేసిన వారి సంతకంతో వ్రాతపూర్వకంగా వుంటే తప్ప ఆ బదిలీ చెల్లదు; పత్రికలో కథ పడినంత మాత్రాన హక్కు పత్రికకు పోదు. ఒప్పందంలో కాలం చెప్పకపోతే అయిదేళ్ళు మాత్రమే. దేశం చెప్పకపోతే ఇండియాకు మాత్రమే. తీసుకున్న హక్కును ఏడాదిలోగా వాడకపోతే, మరోలా వ్రాసుకోకపోతే, అది తిరిగి రచయితకు వస్తుంది. రాయల్టీ ఎంతో ఒప్పందంలో చెప్పితీరాలి. ఒప్పందం నాటికి లేని మాధ్యమానికి హక్కు పోవాలంటే ఆ మాధ్యమాన్ని ప్రత్యేకంగా పేర్కొనాలని 2012 సవరణ చెబుతున్నది. ‘ఇకముందు రాబోయే అన్ని మాధ్యమాలూ’ అని ఒక్క ఊపున వ్రాసుకుంటే అది ప్రత్యేకంగా పేర్కొన్నట్టు కాదని నా వాదం. వకీళ్ళు ఇంకోలా అనవచ్చు. జీతం మీద పనిచేసేవారి సంగతి వేరు. ఉద్యోగధర్మంగా వ్రాసినదానికి మొదటి సొంతదారు యజమానే. పత్రికా ఉద్యోగికి మాత్రం, పత్రికా ప్రచురణకు మినహా మిగిలిన హక్కులు తనవే.

ఆ తల్లి సంతకం పెట్టలేదు. పుస్తకమూ రాలేదు. పదివేలు ఆమెకు చిన్న మొత్తమేమీ కాదు. గ్యాసు బండల బాకీ తీరేదని ఆ తరువాత ఆమె నాతోనే అన్నది. చట్టం ఇచ్చే ఆయుధాన్ని పట్టుకోవడానికి కూడా రెండు నెలలు ఓర్చుకోగల స్తోమత కావాలి. రచయితల సంఘాలు ఉపన్యాసాలు ఇవ్వవలసింది ఇక్కడ కాదు, తెలుగులో ఒక నమూనా ఒప్పందపత్రం అచ్చువేసి పంచవలసింది ఇక్కడ.

మరో దారి తొక్కిన స్త్రీలూ వున్నారు. మద్రాసులో ఎస్. మీనాక్షి అమ్మాళ్ 1951లో తమిళంలో ‘సమైత్తుప్పార్’ అనే వంటల పుస్తకాన్ని తానే ప్రచురించుకున్నది. హక్కు ఆమె ఇంట్లోనే నిలిచింది; పుస్తకం తరాలు దాటి నేటికీ నడుస్తున్నది. అదే నగరంలో స్థిరపడిన మన మాలతీ చందూర్ నవలలు వ్రాసింది, ‘వంటలు-పిండివంటలు’ కూడా వ్రాసింది. ఆ వంటల పుస్తకం అనేక ముద్రణలు పొందింది. 2013లో ఆమె మరణించింది గనుక 2073 చివరిదాకా దానిమీద స్వామ్యం వుంటుంది. మన విమర్శకులు ఆమె నవలల మీద వ్యాసాలు వ్రాశారు, ‘హృదయనేత్రి’కి అకాడమీ బహుమతి వచ్చినప్పుడు సభలు చేశారు. ఆ వంటల పుస్తకంలోని వచనాన్ని ఎవరైనా పరిశీలించారా? ఒక్క అనవసరపు విశేషణం లేకుండా, చదువు తక్కువైన కొత్త కోడలికి కూడా అర్థమయ్యేటట్టు, చేతిపనిని వాక్యంలోకి దించడం ఎంత కష్టమో వాడుకభాష కోసం వాదించిన మనకు తెలియాలి. చట్టం వంటల పుస్తకాన్ని సాహిత్య రచనగా ఒప్పుకున్నది. విమర్శ ఇంకా ఒప్పుకోలేదు.

భౌగోళిక గుర్తింపు అనే ఇంకో హక్కును గురించి ఈ మధ్య ఎక్కువ వినబడుతున్నది. తిరుపతి లడ్డుకు 2009లో, హైదరాబాదు హలీముకు 2010లో, ఆత్రేయపురం పూతరేకులకు 2023లో అది దొరికింది. ఇది వ్యక్తికి కాక ఊరికి దొరికే హక్కు గనుక గ్రంథస్వామ్యం కంటె మన దృక్పథానికి దగ్గరగా వుంటుంది. కాని వేడెక్కిన కుండ వీపు మీద పలచని బియ్యపు పిండిలో ముంచిన గుడ్డను ఒక్క లాగులో పరిచి, కాగితం కంటె పలచని రేకు తీసే ఆడమనిషి ఆ పొగలో ఎన్ని గంటలు కూర్చుంటుందో, రేకుకు ఎంత కూలి దొరుకుతుందో ఆ గుర్తింపు పత్రం చెప్పదు. ఊరు పేరు పెట్టె మీదికి ఎక్కింది. చేయి పేరు ఎక్కడా ఎక్కలేదు.

ఇంతవరకు కంపెనీలను, ప్రచురణకర్తలను అన్నాను. ఇక మన పెరడు. తెలుగు శాఖల్లో ఏటా జానపద గేయాలు, సామెతలు, ఇప్పుడు వంటలు కూడా ప్రాజెక్టుల పేర సేకరిస్తున్నాము. సేకరణకు సంకలనంగా స్వామ్యం వుంటుంది, అది సేకర్త పేర వుంటుంది. నాట్లు వేస్తూ పాడిన స్త్రీ ‘వక్త: ఒక వృద్ధురాలు’ అని అనుబంధంలో కనబడుతుంది; చాలాసార్లు అదీ వుండదు. పట్టా పరిశోధకుడికి, పదోన్నతి పర్యవేక్షకుడికి. బీటన్‌ను దుయ్యబట్టడానికి మనకున్న అధికారం ఏపాటిది? ‘ఆమె అడగలేదు కదా’ అని ఒక సహాధ్యాపకుడు నాతో వాదించాడు. పాలేరు కూడా చాలాకాలం అడగలేదు.

మా శాఖలో ఈ ఏడు విద్యార్థులు పచ్చళ్ళు, పొడులు సేకరిస్తున్నారు. చెప్పినవారి పేరు, ఊరు, తారీఖు వ్రాసుకోవాలి. వ్రాసినదాన్ని తిరిగి చదివి వినిపించాలి. వాళ్ళ దిద్దుబాట్లను వేరే సిరాతో వుంచాలి. అచ్చయితే అమ్మకంలో వచ్చినదానిలో సగం వాళ్ళది. మొత్తం ఇరవై రెండు మంది చెప్పారు. ముఖపత్రం మీద అన్ని పేర్లకు చోటు చాలదనీ, చూడడానికి బాగుండదనీ, ‘మరియు ఇతరులు’ అని వేద్దామనీ ప్రెస్సువాడు అంటున్నాడు. అక్షరాల సైజు తగ్గించమని చెప్పాము.